సోవియట్ అంటే రష్యా కాదు, సభ

నందిగామలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా వైపు సోవియట్ అనే మాట కొత్తేం కాదు. లెనిన్, స్టాలిన్ అని పేర్లున్న మనుషులు జగ్గయ్యపేట చుట్టుపక్కల ఇప్పటికీ తగులుతుంటారు. మా చిన్నప్పుడు 'సోవియట్ భూమి' పత్రికను పెద్దవాళ్లు చదివేవాళ్లు, ఆ నున్నటి కాగితాలు చించి మేం నోటుపుస్తకాలకు అట్టలేసుకునేవాళ్లం. ఇంత పరిచయం ఉన్నా క్లాసులో అడిగితే వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: "సోవియట్ అంటే రష్యా సార్."

రష్యన్లు ఆ మాటను దాదాపు 'సవ్యేత్' అని పలుకుతారు. మనకు ఇంగ్లీషు స్పెల్లింగు మీదుగా వచ్చింది కాబట్టి సోవియట్ అయింది. అందులో ముందున్న 'సో' మన సంభాషణ, సమాలోచనల్లోని 'సం' లాంటిది. కలిసి అని దాని భావం. తర్వాతి భాగం మాట్లాడటం అనే అర్థమున్న పాత స్లావ్ ధాతువు. రష్యన్‌లో జవాబుకు 'అత్వేత్' అన్నా, పలకరింపుగా 'ప్రివేత్' అన్నా వినిపించేది ఆ ధాతువే. అలా సోవియట్ అంటే మొదట సలహా, ఆ తర్వాత సలహా చెప్పుకునే సభ.

ఈ మాట పుట్టుకతో ఎర్రది కాదు. 1810లో జారు చక్రవర్తి తనకు సలహా చెప్పడానికి పెట్టుకున్న రాజ్యసభ పేరులోనూ 'సవ్యేత్' ఉంది. ఆ సభ్యుల్ని చక్రవర్తే నియమించేవాడు. వినడం, వినకపోవడం ఆయన ఇష్టం.

మాటకు కొత్త అర్థం 1905లో వచ్చింది. ఇవానొవొ వొజ్నెసెన్స్క్ అనే బట్టల మిల్లుల ఊళ్లో ఆ ఏడు మే నెలలో కార్మికులు సమ్మె కట్టారు. మిల్లు మిల్లుకూ ప్రతినిధుల్ని ఎన్నుకుంటే 150 మంది దాకా తేలారు. వాళ్లు కూర్చోవడానికి హాలు లేదు. తాల్కా ఏటి ఒడ్డున సమావేశమయ్యారు. మా మునేటి ఒడ్డున ఊరంతా చేరి తగువు తేల్చుకున్నట్టే అనుకోండి. అక్టోబరు నాటికి రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇంకా పెద్ద సోవియట్ ఏర్పడింది. 500 మంది కార్మికులకు ఒక ప్రతినిధి లెక్క. ట్రాట్‌స్కీ దాని నాయకుల్లో ఒకడు. డిసెంబరులో పోలీసులు సభ్యుల్ని పట్టుకుపోవడంతో అది ముగిసింది.

ఆ సభల పద్ధతిలో ఒక విశేషం ఉంది. ఎన్నికైనవాడు సరిగ్గా మాట్లాడకపోతే, పంపిన మిల్లువాళ్లే వెనక్కి పిలిచి ఇంకొకణ్ణి పంపవచ్చు. అయిదేళ్లు ఆగక్కర్లేదు. 1917లో జారు దిగిపోయాక సైనికులూ సోవియట్లలో చేరారు. సర్వాధికారాలూ సోవియట్లకేనన్న నినాదానికి అంత బలం రావడానికి ఈ పద్ధతీ ఒక కారణం.

అధికారం వచ్చింది, పద్ధతి మిగల్లేదు. 1921లో క్రాన్‌స్టాట్ నావికులు సోవియట్లకు స్వేచ్ఛగా మళ్లీ ఎన్నికలు పెట్టమని అడిగితే ప్రభుత్వం సైన్యాన్ని పంపి అణచివేసింది. 1922లో ఏర్పడిన సోవియట్ యూనియన్ పేరులోకే ఆ మాట ఎక్కింది. పల్లె సోవియట్ నుంచి సుప్రీం సోవియట్ దాకా మెట్లు మెట్లుగా సభలు వెలిశాయి. అయితే సీటుకు ఒకే అభ్యర్థి, నిర్ణయం అంతకుముందే కమ్యూనిస్టు పార్టీలో అయిపోయేది. సభ్యులు చేతులెత్తేవారు. 1989 దాకా కథ దాదాపు ఇదే. 1991లో దేశం రద్దయింది. మాట మాత్రం పోలేదు: ఇప్పటి రష్యా పార్లమెంటు ఎగువసభ పేరులోనూ అదే 'సవ్యేత్'.

మాకు ఇలాంటి సభలు చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. జగ్గయ్యపేట దాటితే అప్పట్లో నిజాం రాజ్యం. అక్కడి నుంచి తప్పించుకొచ్చినవాళ్లకు ఇటువైపు ఊళ్లు ఆశ్రయమిచ్చాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో నల్గొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు నడిచాయని, 10 లక్షల ఎకరాలు పంచారని ఆ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. జనం వాటిని సోవియట్లు అనలేదు. వాళ్ల నోట 'సంఘం' అనే మాటే ఉండేది. ఊరు కమిటీని ఎన్నుకునేది. వెట్టి ఆపడం, భూమి పంచడం, తగవులు తీర్చడం దాని పని. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. 1951లో పోరాటాన్ని విరమించారు. అప్పటికి ఆ కమిటీలూ చెదిరిపోయాయి.

ఇప్పుడు మనకు చట్టబద్ధమైన గ్రామసభ ఉంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దానికి గుర్తింపునిచ్చింది. జారు సభ, సుప్రీం సోవియట్, మన గ్రామసభ, ఏదైనా సరే, నేను పిల్లలకు చెప్పిన పరీక్ష ఒకటే. అక్కడ ఒకడు లేచి "ఇది నాకు సమ్మతం కాదు" అన్నాక, రాసిపెట్టుకొచ్చిన తీర్మానంలో ఒక్క వాక్యమైనా మారుతుందా? సభ జరక్కుండానే తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకునే ఊరికి మాస్కో సంగతి చెప్పి నవ్వే హక్కు లేదు. ఈసారి మీ ఊళ్లో దండోరా వేసినప్పుడు వెళ్లండి, సంతకం పెట్టేముందు ఏం రాశారో పైకి చదివించండి.