కాగితం బొమ్మకు లక్క కాపలా

రాయ్‌పూర్‌లో మే నెల మధ్యాహ్నాలు 45 డిగ్రీలు తాకడం కొత్త సంగతి కాదు. గాలిలో తేమ దాదాపు ఇంకిపోతుంది. జూన్ రెండో సగంలో రుతుపవనం రాగానే అదే గాలి చెమ్మతో బరువెక్కుతుంది. ఏడాది వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే కురిసిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో ముచ్చటపడి చెక్కపెట్టె మీద అంటించిన పూల బొమ్మ ఈ రెండు కాలాల మధ్య నలిగిపోతుంది. వేసవిలో అంచులు లేస్తాయి, వానల్లో బుడగలు వస్తాయి. చేసినవాళ్లు జిగురును తిడతారు. కానీ ఇందులో జిగురు ఒక్కటే దోషి కాదు. చెక్క, కాగితం, జిగురు, పైపూత అనే నాలుగు పదార్థాలు అక్కడ కలిసి ఉంటున్నాయి. నీటికీ వేడికీ ఏ ఒక్కటీ మరోదానిలా స్పందించదు.

బొమ్మ కాగితాలను కత్తిరించి, వస్తువు మీద అంటించి, అంచు చేతికి తగలనంతగా పూత మీద పూత వేసే ఈ పనిని డెకూపాజ్ అంటారు. చైనా, జపాన్‌ల నుంచి వచ్చే నిగనిగలాడే లక్కపూత సామాను మీద 17, 18 శతాబ్దాల ఐరోపాకు విపరీతమైన మోజు ఉండేది. అసలు సరుకు ఖరీదైనది. అందుకని వెనిస్ పనివాళ్లు అచ్చువేసిన బొమ్మలకు రంగులద్ది, కత్తిరించి, బల్లలకూ బీరువాలకూ అంటించి, పైన వార్నిష్ పొరలు వేసి అమ్మారు. దానికి ‘పేదవాడి లక్కపని’ అనే పేరు పడింది. ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ డెబ్బై ఏళ్లు దాటాక రంగు కాగితం ముక్కలు కత్తిరించి, నల్ల కాగితంపై అంటిస్తూ పూల బొమ్మలు కూర్చింది. అలా చేసిన 985 బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

మన ఇళ్లలోనూ దీనికి దగ్గరి చుట్టం ఉంది. చిల్లులు పడ్డ చేటలకూ వెదురు బుట్టలకూ నానబెట్టిన కాగితం, మెంతులు కలిపి రుబ్బి మెత్తేవారు. మెంతిగింజలోని గాలక్టోమానన్ అనే పిండిపదార్థం నీటిలో ఉబ్బి బంకగా మారి, ఎండాక పీచులను పట్టి ఉంచుతుంది. మెంతి చేదుకు పురుగు దరిచేరదని పెద్దవాళ్ల మాట. రైల్వే ఉద్యోగాలకు రాయ్‌పూర్, ఉక్కు కర్మాగారానికి భిలాయి చేరిన తెలుగు కుటుంబాల్లో ఈ పని గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

కాగితం ఎందుకు ముడత పడుతుంది?

కాగితం అంటే సెల్యులోజ్ పీచుల అల్లిక. నీరు తగిలితే పీచు పొడవు ఒకటి రెండు శాతానికి మించి పెరగదు. లావు మాత్రం ఐదో వంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా ఉబ్బుతుంది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు ఎక్కువ పీచులు యంత్రం నడిచే దిక్కుకే తిరుగుతాయి. అందుకే తడిసిన కాగితం ఒక దిక్కులో ఎక్కువ సాగుతుంది, ఇంకో దిక్కులో తక్కువ. మీ చేతిలోని కాగితం సంగతి తేల్చుకోవడం తేలిక. చిన్న చదరపు ముక్క కత్తిరించి ఒక వైపే తడి చేయండి. అది గొట్టంగా చుట్టుకుంటుంది. గొట్టం ఏ దిక్కుకు ఉందో పీచులూ ఆ దిక్కుకే ఉన్నాయి.

పొడి కాగితాన్ని తడి జిగురు మీద పెడితే అది అంటుకుంటూనే సాగుతుంది. చోటు చాలక ముడతలు లేస్తాయి. ముందే కాగితం రెండు వైపులా లేతగా తడిపి, ఐదు నిమిషాలు ఆగితే సాగాల్సింది ముందే సాగిపోతుంది. అప్పుడు అంటించి, మధ్య నుంచి అంచులకు మెత్తటి గుడ్డతో ఒత్తితే గాలి బయటికి పోతుంది. ఎండేటప్పుడు కాగితం మళ్లీ ముడుచుకుంటూ తన కింది చెక్కను కూడా లాగుతుంది. పలుచని ప్లైవుడ్ పళ్లెం వంగిపోయేది ఇందుకే. వెనక వైపు కూడా అదే మందం కాగితం అంటిస్తే రెండు లాగుళ్లూ సరిపోయి పళ్లెం చదునుగా ఉంటుంది.

బొమ్మ ఎక్కడ అచ్చయిందో కూడా చూడాలి. ఇంక్‌జెట్ ప్రింటర్ సిరా చాలావరకు నీటికి చెదురుతుంది. లేజర్ ప్రింటర్ వాడేది ప్లాస్టిక్ పొడి కాబట్టి నీటికి చెదరదు. వార్తాపత్రిక కాగితంలో లిగ్నిన్ ఎక్కువ, ఎండ తగిలితే నెలల్లోనే పసుపెక్కుతుంది.

తెల్ల జిగురు గుట్టు

మనం ఫెవికాల్ అని పిలిచే తెల్ల జిగురులో ప్రధానంగా ఉండేది పాలీవినైల్ అసిటేట్. దీన్ని 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాటె కనిపెట్టాడు. జిగురులో ఈ పదార్థం నీటిలో తేలే సూక్ష్మ రేణువులుగా ఉంటుంది. రేణువులు వెలుతురును చెదరగొట్టడం వల్ల పాలలా తెల్లగా కనిపిస్తుంది. నీటిని కాగితం, చెక్క పీల్చుకుంటే రేణువులు ఒకదానికొకటి ఒత్తుకుని, కలిసిపోయి, పారదర్శకమైన పొరగా మారతాయి. గాజు, స్టీలు నీరు పీల్చవు. అక్కడ నీరు కాగితం గుండానే పోవాలి కాబట్టి పలుచగా రాసి, ఎక్కువసేపు ఆరనివ్వాలి.

చాలామంది ఇదే జిగురును పైపూతగా కూడా వేస్తారు. రాయ్‌పూర్ ఎండ ముందు తేలిపోయేది ఇక్కడే. పాలీవినైల్ అసిటేట్ సుమారు 30-40 డిగ్రీల మధ్య తన స్వభావం మార్చుకుంటుంది. అంతకు తక్కువలో గట్టిగా ఉంటుంది, ఆపైన మెత్తబడి అంటుకునే గుణం తెచ్చుకుంటుంది. మే నెలలో ఒకదానిపై ఒకటి పేర్చిన పళ్లేలు అతుక్కుపోయి, విడదీస్తే బొమ్మ ఊడి వచ్చేది అందుకే. వానాకాలంలో ఇదే పొర తేమ పీల్చి మళ్లీ తెల్లబారుతుంది. కాబట్టి దీన్ని జిగురుగా వాడండి, పైపూతగా వద్దు.

కాపలా అడవి నుంచి

ఆ పైపూతకు ఛత్తీస్‌గఢ్ దూరం పోనక్కరలేదు. దేశంలో లక్క ఎక్కువగా పండించే రాష్ట్రాల్లో జార్ఖండ్‌తో పాటు ఇదీ ముందుంటుంది. రాయ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న ధమ్తరి లక్క వ్యాపారానికి పాత పేరున్న ఊరు. కెరియా లక్కా అనే చిన్న పురుగు కుసుమ, మోదుగ, రేగు చెట్ల లేత కొమ్మల రసం పీల్చి, తన చుట్టూ జిగట గూడు కట్టుకుంటుంది. ఇందులో సింహభాగం ఆడ పురుగులదే. కుసుమ చెట్టు పంటను కుస్మీ అంటారు, మోదుగ, రేగు చెట్లదాన్ని రంగీనీ అంటారు. ఏటా ఒక్కోదానికి రెండు పంటలు. కొమ్మల నుంచి గీకి, కడిగి, కరిగించి, వడగట్టి, పలుచగా సాగదీసి విరిస్తే వచ్చే రేకులే షెల్లాక్. వడ్రంగులు దాన్ని చపడా అంటారు. లక్క మీద పరిశోధనకు రాంచీలో 1924లోనే ఒక సంస్థ వెలసింది.

తెలుగువాళ్లకు లక్క అనగానే ఏటికొప్పాక కొయ్యబొమ్మలు గుర్తొస్తాయి. అక్కడ తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికే లక్క కరిగి పట్టుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాగితాన్ని అలా తిప్పలేం కనుక లక్కను పాలిష్ స్పిరిట్‌లో కరిగించి కుంచెతో వేయాలి. వంద మిల్లీలీటర్ల స్పిరిట్‌కు 20-25 గ్రాముల చపడా వేసి, రాత్రంతా ఉంచి, గుడ్డతో వడగడితే చాలు. స్పిరిట్ ఆవిరైతే లక్క మిగులుతుంది. రెండో పూతలోని స్పిరిట్ కింది పూతను కొద్దిగా కరిగించి తనలో కలుపుకుంటుంది. అందుకే నాలుగైదు పలుచని పూతలు చివరికి ఒకే పొర అవుతాయి. ఆ పొర గాలిలోని తేమను బాగా ఆపుతుంది, కాగితం ఊరికే ఉబ్బి ముడవకుండా చూస్తుంది.

దీనికీ బలహీనతలున్నాయి. ముసురు రోజుల్లో పూత వేస్తే స్పిరిట్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, అక్కడ గాలిలోని తేమ చేరి పూత తెల్లగా మసకేస్తుంది. వేడి టీ గ్లాసు పెడితే తెల్లని గుండ్రపు మచ్చ పడుతుంది. క్షారాలకు లక్క కరుగుతుంది కనుక సబ్బునీటితో తోమకూడదు. కరిగించిన లక్క నిల్వ ఉంటే స్పిరిట్‌తోనే నెమ్మదిగా రసాయన చర్య జరిగి, తర్వాత సరిగా ఎండదు. కావలసినంతే కలుపుకుని, సీసాపై తేదీ రాసుకోవాలి. స్పిరిట్ మంటకు త్వరగా అంటుకుంటుంది. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి పని చేయాలి.

మంచినీళ్ల కుండ మీద మాత్రం ఈ పని వద్దు. కుండ రంధ్రాల నుంచి ఊరిన నీరు ఆవిరవడం వల్లే లోపలి నీరు చల్లబడుతుంది. పూత ఆ దారిని మూసేస్తుంది, ఊరే నీరు కాగితాన్ని ఊడదీస్తుంది. అన్నం, కూరలు తగిలే వైపు కూడా బొమ్మలు అంటించకండి. మాత్రల పైపూతకు వాడే శుద్ధి చేసిన లక్క తినదగినదే, కానీ కాగితం సిరాకూ పాలిష్ స్పిరిట్‌కూ ఆ హామీ లేదు.

ఛత్తీస్‌గఢ్‌లోనే కాదు, ఎండా వానా ఇదే తీరులో ఉండే తెలుగు జిల్లాల్లో కూడా ఈ పనికి అదను దీపావళి తర్వాత మొదలై ఫిబ్రవరితో ముగుస్తుంది. ఆ నెలల్లో పగటిపూట జిగురు పొర కట్టేంత వెచ్చదనం ఉంటుంది, లక్కను మసకబార్చేంత తేమ ఉండదు. ముందుగా ఏదైనా పాత డబ్బా మూత మీద బొమ్మ, జిగురు, లక్క మూడింటినీ పరీక్షించండి. అది నిలిచాకే ఇష్టమైన పెట్టెను చేతిలోకి తీసుకోండి.