పాసిబుల్... అవుతుందనా? అవ్వొచ్చనా?

తుంటి ఎముక విరిగిన ఓ పెద్దాయనకు ఆపరేషన్ జరిగిందనుకోండి. ‘నాన్న మళ్లీ మామూలుగా నడుస్తారా డాక్టరుగారూ?’ అని కొడుకు అడుగుతాడు. ‘పాసిబుల్’ అంటారాయన. ‘నడుస్తారటమ్మా!’ అంటూ కొడుకు వెంటనే తల్లికి ఫోన్ చేసేస్తాడు. నిజానికి డాక్టరు చెప్పింది ‘నడుస్తారు’ అని కాదు, ‘నడిచే అవకాశం ఉంది’ అని. ఆ రెంటికీ మధ్య చాలా దూరం!

రోజూ వాడే మాటే కదా అనిపించినా ‘పాసిబుల్’తో తిరకాసు ఇక్కడే. లాటిన్‌లో ‘చేయగలగడం’ అనే అర్థమున్న క్రియలోంచి పుట్టిన మాట ఇది. ఇంగ్లిషులో దీనికి ప్రధానంగా రెండు అర్థాలు. ఒకటి, సాధ్యం. ‘ఇటీజ్ పాసిబుల్ టు రీచ్ బై ఈవినింగ్’ అంటే సాయంత్రానికి చేరుకోవడం సాధ్యమే అని. రెండోది, జరిగితే జరగొచ్చు అని. ‘ఇటీజ్ పాసిబుల్ దట్ ఇట్ విల్ రెయిన్’ అంటే వాన పడినా పడొచ్చు. వెనకాల ‘టు’ ఉంటే చేయగలిగే పని, ‘దట్’ ఉంటే ఓ అవకాశం... చాలాచోట్ల ఈ గుర్తు పనికొస్తుంది. తెలుగులో ‘వచ్చు’ కూడా ఇలాంటిదే. ‘ఈ దారిన వెళ్లొచ్చు’, ‘రేపు వాన పడొచ్చు’... మాట ఒకటే, అర్థాలు రెండు.

మనుషులతో జాగ్రత్త!

‘రేపు రావడం నాకు కుదరదు’ అనడానికి చాలామంది ‘ఐ యామ్ నాట్ పాసిబుల్ టు కమ్’ అనేస్తుంటారు. అది తప్పు. కుదరనిది పని, మనిషి కాదు. ‘ఇటీజ్ నాట్ పాసిబుల్ ఫర్ మీ టు కమ్’ అనాలి. లేదంటే హాయిగా ‘ఐ కాంట్ కమ్’ అంటే సరి. పొరపాటున ‘ఐ యామ్ ఇంపాసిబుల్’ అన్నారో... ‘నన్ను భరించడం ఎవరి తరమూ కాదు’ అని ఒప్పుకున్నట్టే!

‘ఇట్ కెన్ బి పాసిబుల్’ కూడా తరచూ వినిపిస్తుంది. ‘కెన్’లోనే ఆ అర్థం ఉంది కాబట్టి ‘ఇటీజ్ పాసిబుల్’ చాలు. పలికేటప్పుడు ‘పాజిబుల్’ కాదు, ‘పాసిబుల్’.

చుట్టాలూ ఉన్నారు

ఓ మారుమూల పల్లెకు బస్సు వేయాలి. వేయడానికి వీలుంటే అది ‘పాసిబుల్’. రోడ్డు, బండి, డ్రైవరు అన్నీ అమరి, ఆచరణలో చేయగలిగేదైతే ‘ఫీజిబుల్’. టికెట్ల డబ్బు డీజిలుకూ జీతాలకూ సరిపోయి, ఆ బస్సు పదికాలాలు నడిచేదైతే ‘వయబుల్’. ఈ మాటకు మూలం ఫ్రెంచిలో ‘ప్రాణం’ అనే పదం మరి! జరిగే అవకాశమే ఎక్కువగా ఉంటే ‘ప్రాబబుల్’. నూటికి ఒక్క పాలు అవకాశమున్నా ‘పాసిబుల్’ అనేయొచ్చు.

అందుకే డాక్టరైనా, కాంట్రాక్టరైనా, ఉద్యోగమిస్తానన్న ఆఫీసరైనా ‘పాసిబుల్’ అన్నప్పుడు సంబరపడిపోకుండా ఇంకో ప్రశ్న వేయాలి... ‘ఎంతవరకు అవకాశం ఉందండీ?’ అని. అసలు సమాధానం అప్పుడే మొదలవుతుంది.