పోకెమాన్ క్రీడలో జట్టు కూర్పు

పిల్లలు చేతియంత్రములు పట్టుకొని గంటలకొలది పోకెమాన్ ఆడుచుండగా చూచి తల్లిదండ్రులు విసుగు చెందుట కలదు. తెరపై వింతజంతువులు కనబడును. నిప్పులు, నీళ్లు చిమ్ముకొనును. ఒకటి కూలును, మరియొకటి వచ్చును. చూచువారికి ఇంతకు మించి తోచదు. కాని ఆ పోరునకు ముందు కూర్చుండి జట్టును కూర్చుకొను పని యొకటి కలదు. పోటీలలో గెలుపోటములు చాలవరకు అచ్చటనే నిర్ణయమగును. బిడ్డ యే పనిలో మునిగియున్నాడో తెలియక నిషేధించుట గాని, తెలియక విడిచిపెట్టుట గాని మేలు కాదు గనుక ఆ కూర్పును గూర్చి కొంత వివరింతుము.

ఈ క్రీడ జపానులో 1996వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన వెలువడెను. దీనిని కల్పించిన సతోషి తజిరికి చిన్ననాట పురుగులను పట్టి సేకరించు వేడుక మెండు. ఆ వేడుకయే క్రీడకు బీజమయ్యెను. నాడు 151గా నున్న ప్రాణుల సంఖ్య నేడు వేయికి మించినది.

చదరంగమున ఆటగాండ్రు ఒకరి తరువాత నొకరు ఎత్తు వేయుదురు. ఇందు ప్రతి వంతునకును ఇరువురు తమ ఆజ్ఞలను ఒకరికొకరు తెలియకుండ ముందే నిర్ణయింతురు. పిమ్మట సాధారణముగా వేగము గల ప్రాణి ముందుగను, మందగామి తరువాతను ఆజ్ఞను నెరవేర్చును. కావున చేతివేగముతో ఇందు పని లేదు. ఎదుటివాని తలంపును ఊహింపగల బుద్ధి కావలెను.

జట్టులో ఆరు ప్రాణులుండును. ప్రతిదానికిని పిల్లలు టైపు అని పిలుచు తత్త్వము ఒకటి గాని రెండు గాని ఉండును. అట్టి తత్త్వములు 18. నీరు నిప్పును జయించును, నిప్పు పచ్చికను జయించును, పచ్చిక నీటిని జయించును. తత్త్వమును బట్టి దెబ్బ రెట్టింపగుటయు, సగమగుటయు, అసలే సోకకపోవుటయు కలదు. నీరు, గాలి అను రెండు తత్త్వములు గల గ్యారడోస్‌పై విద్యుత్తు దెబ్బ నాలుగింతలై పడును. నేల తత్త్వము గల గార్చాంప్‌ను అదే విద్యుత్తు తాకనే తాకదు.

క్రొత్తగా ఆడువారు మిక్కిలి బలము గల ఆరింటిని ఏరి జట్టు అనుకొందురు. ఆ ఆరింటిలో నాలుగు ఒకే దెబ్బకు లొంగునవైనచో ప్రత్యర్థికి పని సుళువగును. నేర్పరి యట్లు చేయడు. మొదట తన గెలుపునకు ఆధారమైన ఒక ప్రాణిని ఎంచును. దాని లోపమేదో చూచి, ఆ లోపమును కాచు రెండవదానిని తెచ్చును. ఆ రెండింటికిని మిగిలిన లోపమును మూడవదానితో పూరించును. ఒకటి కొట్టునది, ఒకటి కాచునది, ఒకటి వేగమును మార్చునది, ఇట్లు ప్రతిదానికి ఒక విధి యుండును. ట్రిక్ రూమ్ అను ప్రయోగము చేసినచో ఐదు వంతులపాటు మందగామియే ముందు కదలును. అప్పుడు నిదానమే బలమగును.

పిదప శిక్షణ. 2022లో వెలువడిన స్కార్లెట్, వయొలెట్ క్రీడలలో ప్రతి ప్రాణికి 510 శిక్షణాంకములు మాత్రమే దక్కును. ఒక్కొక్క గుణమునకు 252కు మించి పెట్టరాదు. గుణములు ఆరు. రెండింటిని నిండుగా నింపినచో 504 వ్యయమై, మిగిలిన నాలుగింటికి ఆరు అంకములే మిగులును. నెలజీతముతో ఇల్లు నడపువారికి ఈ లెక్క క్రొత్తది కాదు.

ప్రతి ప్రాణికి నాలుగు ప్రయోగములే అనుమతింపబడును. థండర్ అను పిడుగునకు బలము 110. కాని సాధారణముగా నూటికి డెబ్బది మారులే తగులును. థండర్‌బోల్ట్ బలము 90. గురి నూటికి నూరు. డెబ్బది వంతుల గురితో 110 యొక్క సగటు ఫలము 77 మాత్రమే గనుక పెక్కుమంది రెండవదానినే కోరుదురు. సంభావ్యతా గణితమునకు ఇంతకన్న చక్కని అభ్యాసము పాఠ్యపుస్తకములలో అరుదు.

ప్రపంచ పోటీలలో ఇరుపక్షములును ఒకరి ఆరింటిని ఒకరు చూచి, వానిలో నాలుగింటిని ఎంచి, రెండేసిగా బరిలోనికి దింపుదురు. ఆరింటిలో నాలుగింటిని ఎంచుటకు 15 విధములు కలవు. ప్రత్యర్థిని బట్టి తగిన విధమును ఎంచవలెను.

2014లో వాషింగ్టన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలో దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ విజేత యయ్యెను. అతని జట్టులో ఉడుతవంటి పాచిరిసు ఉండెను. ఆరు గుణముల మూలాంకములు కూడగా గార్చాంప్‌నకు 600, గ్యారడోస్‌నకు 540 కాగా పాచిరిసునకు 405 మాత్రమే. అయినను ఫాలో మీ అను ప్రయోగముచే శత్రువు దెబ్బలను తనవైపునకు త్రిప్పుకొనగలదు. విద్యుత్తు తగిలినచో గాయపడుటకు మారుగా బలము పుంజుకొనును. గ్యారడోస్‌నకు ప్రాణాంతకమైన దెబ్బ ఇట్లు పాచిరిసునకు ఆహారమయ్యెను. మన పులిజూదమున ఒంటి మేక పులికి ఎర; మేకలన్నియు ఒకదాని వెనుక నొకటి నిలిచి దారి మూసిననాడు పులి కట్టుబడును. నీతి యొక్కటియే.

ఓడిన పిదప నేర్పరి కారణము వ్రాసికొనును. జట్టునంతయు ఒక్కసారి మార్చక ఒక్కొక్క మార్పు చేసి పరీక్షించును. ఇందుకు యంత్రము కొననక్కరలేదు. అభిమానులు నిర్మించిన పోకెమాన్ షోడౌన్ అను ఉచిత సాధనమున జట్టును కూర్చి ఆడవచ్చును. అందు అపరిచితులతో సంభాషించు వసతి యున్నది గనుక పెద్దలు కనిపెట్టియుండవలెను. గెలుపు మీది ఆశతో ఇంకొక ఆట, మరియొక ఆట యని నిద్రవేళ దాటుట సులభము. కావున కాలపరిమితిని ముందే నిర్ణయింపవలెను.

తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. గెలిచితివా యని అడుగుటతో ఆగక, ఈ యారింటినే యేల ఎంచితివని మీ బిడ్డను అడుగుడు. కారణములు వరుసగా చెప్పగలిగినచో ఆ గంట వ్యర్థము కాలేదు. చెప్పలేకపోయినచో తోడుగా కూర్చుండి ఆ కారణములను వెదకుడు.