పడవ డీజిల్ ట్యాంకు అతుకులు కారితే

మరబోటులో డీజిల్ ట్యాంకు కారుతున్న సంగతి ముందు వాసనతోనూ, బోటు అడుగున నిలిచిన నీటి మీద తేలే నూనె పొరతోనూ బయటపడుతుంది. అంతమాత్రాన తప్పు ట్యాంకుదే అనుకోకూడదు. హోస్ పైపు బిగింపు వదులైనా, గేజి కింద గాస్కెట్ పాడైనా ఇలాగే కారుతుంది. పైగా డీజిల్ రేకు వెంట పాకుతుంది కాబట్టి చిల్లు ఒకచోట, తడి మరోచోట ఉంటాయి. అన్నీ తుడిచి ఆరబెట్టి ఒక్కొక్కటే చూశాకే అతుకులను అనుమానించాలి.

అతుకులు దెబ్బతినడానికి ఒక కారణం అలల తాకిడి. సగం నిండిన ట్యాంకులో డీజిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా లోపల అడ్డుపలకలు పెడతారు. అవి పక్క రేకుకు అతికిన చోట లోహం ఏళ్ల తరబడి వంగి వంగి పగులుతుంది. మరో కారణం తుప్పు. గాలిలోని తేమ ట్యాంకులో నీరుగా మారి అడుగుకు దిగుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులు ఆమ్లాలను వదిలి లోహాన్ని తినేస్తాయి. బయట, ట్యాంకు కింద పరిచిన ఫోమ్ ఉప్పునీటిని పీల్చి పట్టుకుంటే అల్యూమినియం కూడా గుంటలు పడుతుంది. అందువల్ల చిల్లు ఒక్కటే కనిపించినా చుట్టూ రేకు మందం కొలిచి తీరాలి. పలచబడిన రేకు వెల్డింగ్ వేడికి కరిగి చిల్లు పెద్దదవుతుంది. అలాంటి ట్యాంకును మార్చడమే మేలు.

ఈ పనిలో ప్రాణాలు తీసేది ‘ఖాళీ ట్యాంకే కదా’ అన్న ధీమా. నిండు ట్యాంకుకన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే మండే ఆవిరికి కావలసిన గాలి అందులోనే ఉంటుంది. గాలిలో డీజిల్ ఆవిరి నూటికి ఒక వంతు లేకపోయినా నిప్పురవ్వకు పేలగలదు. మన దేశంలో డీజిల్‌కు నిర్దేశించిన కనీస జ్వలన స్థానం (నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి) 35 డిగ్రీల సెల్సియస్. ఆంధ్ర తీరంలో ట్యాంకు బయటకు తీయడానికి వీలు చిక్కేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలంలో. ఎండలో పడి ఉన్న ఇనుము ఆ రోజుల్లో ఈ 35 డిగ్రీలను సులువుగా దాటేస్తుంది. ఇక వెల్డింగ్ మంట తగిలితే అడ్డుపలకల సందుల్లో మిగిలిన జిడ్డు నుంచి కొత్తగా ఆవిరి పుడుతుంది.

కాబట్టి బోటులో ఉండగా ట్యాంకుకు మంట పెట్టకూడదు. డీజిలంతా తోడి, ట్యాంకును బయటకు తీసి, డిటర్జెంటు కలిపిన వేడినీటితోనో ఆవిరితోనో మూలమూలలా కడగాలి. గ్యాస్ మీటరుతో పరీక్షించాలి. ఆ తర్వాత వెల్డింగ్ జరిగే చోటు కిందివరకు నీరు నింపి, మిగిలిన ఖాళీలోకి ఆర్గాన్ లేదా నైట్రోజన్ పంపుతూ ఉండాలి. మూతలన్నీ తెరిచే ఉంచాలి. క్లోరిన్ ఉన్న ద్రావకాలతో తుడవడం మరో అపాయం, ఆర్క్ వెలుగుకు వాటి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇదంతా అనుభవం ఉన్న వెల్డర్ చేయాల్సిన పని.

పగులు మీద కొత్త లోహం పూసేస్తే అది నిలవదు. పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేస్తే అది ఇక ముందుకు సాగదు. తర్వాత గ్రైండర్‌తో గట్టి లోహం తగిలేదాకా అరగదీసి టిగ్ వెల్డింగ్ చేస్తారు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగినా దాని పైపొర 2,000 దాటితే గానీ కరగదు. అందుకే వెల్డింగ్‌కు ముందు ఆ పొరను స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్‌తో తీసేస్తారు. ఎపాక్సీ పూతలు రేవుకు చేరేవరకు ఆదుకుంటాయి, అంతే.

అతికాక పరీక్ష తప్పదు. చదరపు అంగుళానికి 3 పౌండ్ల గాలి ఒత్తిడి పెట్టి అతుకుల మీద సబ్బు నురగ రాస్తే కారే చోట బుడగ లేస్తుంది. కంప్రెసర్ గాలిని నేరుగా వదిలితే ట్యాంకు ఉబ్బి చీలుతుంది. రెండు మీటర్ల నిలువు గొట్టాన్ని నీటితో నింపినా దాదాపు అంతే ఒత్తిడి వస్తుంది, ప్రమాదమూ తక్కువే.

తిరిగి బిగించేటప్పుడు నీరు పీల్చని రబ్బరు పట్టీల మీద ట్యాంకును నిలిపి, కింద గాలి ఆడేలా చూడాలి. అల్యూమినియానికి ఇత్తడి అమరికలు నేరుగా తగలనీయకూడదు. మొదటి వేట నుంచి రాగానే అతుకులను పొడిగుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి.