బాహ్యరేఖ లేకుండా చిత్రించడం: వెలుగునీడల అభ్యాసం

ఈ భాగం చదివి, అభ్యాసం పూర్తి చేసిన తరువాత మీరు వస్తువు చుట్టూ గీత గీయకుండానే దాని రూపాన్ని, గుండ్రదనాన్ని చూపగలుగుతారు.

1. పరిశీలన

సాయంత్రం వేళ హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక టీ కొట్టు ముందు ఆగి చూడండి. బల్బు వెలుగు అక్కడ నిలబడిన మనిషి ముఖం మీద ఒక పక్క నుంచి పడుతుంది. వెలుగు పడిన చెంప స్పష్టంగా కనిపిస్తుంది. రెండో చెంప వెనక ఉన్న చీకటిలో కలిసిపోతుంది. ఆ ముఖం చుట్టూ నల్లని గీత ఎక్కడా లేదు. రెండు ఛాయలు కలిసే చోటునే మనం అంచుగా గుర్తిస్తున్నాం.

2. బాహ్యరేఖతో వచ్చే చిక్కు

చాలామంది ముందు బాహ్యరేఖ గీసి, తరువాత దాని లోపల నీడ నింపుతారు. వెలుగు పడే అంచు మీద కూడా నల్లని గీత ఉండిపోవడంతో బొమ్మ చదునుగా కనిపిస్తుంది. ఒకే మందంతో గీసిన రేఖ వస్తువు ఎక్కడ ముగుస్తుందో చెబుతుంది కాని, వెలుగు ఎటు నుంచి వస్తుందో చెప్పదు. అంతమాత్రాన రేఖ తక్కువది కాదు. బాపు (1933–2014) కొద్దిపాటి గీతలతోనే మనుషులకు ప్రాణం పోశారు. అయితే రేఖాచిత్రణ, ఛాయాచిత్రణ వేర్వేరు పద్ధతులు.

నలుపు తెలుపు సినిమా రెండో పద్ధతికి మంచి పాఠం. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం చేసిన ‘మాయాబజార్’ (1957) చూడండి. రంగులు లేనందున పాత్రను వెనకనున్న సెట్టు నుంచి వేరుచేసే పని ఎక్కువగా వెలుగునీడలదే. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ స్యూరా (1859–1891) కూడా గరుకు కాగితం మీద నల్లని క్రేయాన్ రుద్ది, బాహ్యరేఖలు లేకుండా మనుషుల బొమ్మలు వేశాడు.

3. అభ్యాసం

తెల్ల కాగితం మీద ఒక కోడిగుడ్డు ఉంచండి. గదిలో మిగతా దీపాలు ఆర్పి, పక్క నుంచి ఒకే దీపం వెలుగు పడనివ్వండి.

అ) డ్రాయింగ్ కాగితం మీద బొగ్గుపొడి రుద్ది, గుడ్డతో తుడిచి, అంతటా ఒకే బూడిద ఛాయ తీసుకురండి.

ఆ) కళ్లు సగం మూసి చూడండి. చిన్న వివరాలు పోయి, వెలుగు, మధ్యఛాయ, నీడ మిగులుతాయి.

ఇ) వెలుగున్న చోట రబ్బరుతో బొగ్గు తొలగించండి. గుడ్డు మీది నీడను, అది కాగితం మీద వేసే నీడను బొగ్గుతో ముదురు చేయండి.

ఈ) వెలుగు వైపు అంచు కనబడకపోతే గీత గీయకండి. దాని వెనక భాగాన్ని ముదురు చేయండి. రెండు నీడలు కలిసిన చోట అంచును అలాగే వదిలేయండి.

ఉ) కాగితం నుంచి తిరిగి వచ్చే వెలుగు గుడ్డు అడుగున లేతగా కనిపిస్తుంది. దాన్ని నేరుగా వెలుగు పడిన భాగమంత తెల్లగా చేయకండి.

మొదటి ప్రయత్నంలో బొమ్మ మసకగా రావచ్చు. నిరుత్సాహపడకుండా దీపం చోటు మార్చి మరో రెండుసార్లు వేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ బొమ్మను దీపం ఎక్కడుందో తెలియని వారికి చూపించండి. వెలుగు ఎటు నుంచి వస్తుందో వారు వెంటనే చెప్పగలిగితే మీ అభ్యాసం ఫలించినట్లే.