పరదేశంలో పసిడి బేరం

పదిహేడవ శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి రత్నవర్తకుడు గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చి, కృష్ణాతీరంలోని కొల్లూరు గని వద్ద వజ్రాల బేరం స్వయంగా చూచినాడు. 1676లో అచ్చయిన అతని యాత్రాగ్రంథంలో చదువరులు సాధారణంగా రాజుల వైభవాన్నీ, రత్నాల కాంతినీ వెదుకుతారు. విద్యార్థి నేర్వదగిన పాఠం అందులో వేరొకటి ఉన్నది. వజ్రాలను తూచే మంజాడి గోల్కొండలో ఒక బరువు, గోవాలో మరొక బరువు అని అతడు శ్రద్ధగా లెక్కకట్టి వ్రాసుకొన్నాడు. పేరు ఒకటే, తూకం వేరు. పరాయి దేశంలో నగ కొనదలచినవాడు నగ కంటె ముందు తక్కెడను చూడవలెనన్న వివేకం అతనికి ఉన్నది.

ఆనాడు విదేశీయులు రత్నాల కోసం మన గడ్డకు వచ్చారు. ఈనాడు మనవారు సెలవులకు దుబాయికి, సింగపూరుకు, బాంకాకుకు, కొలంబోకు వెళ్లివస్తున్నారు. వెళ్లినవారికి ఏదో ఒక నగ తేవాలన్న కోరిక సహజమే. మన ఇండ్లలో బంగారం అలంకారమే గాక, ఆపదలో అక్కరకు వచ్చే సొమ్ము. ఆడపిల్ల పెండ్లికి ఏండ్ల తరబడి కూడబెట్టే కష్టార్జితం. జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతాల నుండి గల్ఫు దేశాలకు పనికి వెళ్లినవారికైతే ఒక జత గాజులంటే ఎన్నో నెలల జీతం. అట్టి కొనుగోలులో మోసపోవడమంటే ఆ నెలలన్నీ ఊరకే పనిచేసినట్లే గదా!

ఆభరణం ధరలో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి తూకానికి అందేది. రెండవది మాటకు మాత్రమే అందేది. లోహపు బరువు, వన్నె మొదటి కోవలోనివి. రాతి పుట్టుపూర్వోత్తరాలు, 'ఈ ధర ఈ ఒక్కరోజే' అనే తొందర రెండవ కోవలోనివి. తూకానికి అందేదానిని ఏ దేశంలోనైనా నిర్భయంగా కొనవచ్చును. మాటకు మాత్రమే అందేదానికి పైకం చెల్లించేముందు బాగా ఆలోచించవలె.

మొదట వన్నె సంగతి. మన పూర్వులు మేలిమిని పదారు వన్నెల బంగారమన్నారు. గురివింద గింజలతో తూచారు. మధ్యధరా సముద్రతీర వాసులు కేరబ్ అనే చెట్టు గింజలతో తూచారు. ఆ గింజకు గ్రీకులు పెట్టుకొన్న పేరు నుండే 'క్యారెట్' అన్న మాట పుట్టింది. నేడు ఆ మాటకు రెండర్థాలున్నాయి. రత్నాల విషయంలో అది బరువు: ఒక క్యారెట్టు 200 మిల్లీగ్రాములు. బంగారం విషయంలో అది స్వచ్ఛత: మేలిమి 24 పాళ్లు. 22 క్యారెట్ల నగలో 22 పాళ్లు పసిడి. తక్కిన రెండు పాళ్లు రాగి, వెండి వంటి లోహాలు. నగపై 916 అన్న అంకె 22 క్యారెట్లకు, 875 అన్నది 21కి, 750 అన్నది 18కి, 585 అన్నది 14కి గుర్తు.

అరబ్బు దేశాలలో 21 క్యారెట్ల నగలు, ఐరోపాలో 18 క్యారెట్ల నగలు విరివిగా అమ్ముతారు. అది వారి ఆచారమేగాని మోసం కాదు. మన ఇంటి అలవాటు చొప్పున అంతా 22 క్యారెట్లే అనుకొని కొన్నప్పుడే నష్టం. ఉపాధ్యాయులు తరగతిలో పిల్లలచేత చేయించదగిన లెక్క ఇది: 40 గ్రాముల హారంలో, 22 క్యారెట్లదైతే మేలిమి సుమారు 36.67 గ్రాములు, 21 అయితే 35, 18 అయితే 30 మాత్రమే. మొదటిదానికీ చివరిదానికీ తేడా ఆరున్నర గ్రాములకు పైమాట. ఎనిమిది గ్రాముల కాసులో ఇది ముప్పాతిక కంటె ఎక్కువ!

కంటికి కనబడని ఈ వన్నెకు పూచీ ఏమిటి? ఇంగ్లండులో 1300వ సంవత్సరంలోనే, ఒకటవ ఎడ్వర్డు కాలంలో, తనిఖీ అయిన సొమ్ముపై చిరుతపులి తల ముద్ర వేయవలెనని శాసనం వచ్చింది. 1478 నుండి నగలను లండను స్వర్ణకార సంఘం వారి భవనానికే తెచ్చి పరీక్ష చేయించే ఏర్పాటు జరిగింది. ఆ 'హాలు'లో వేసిన గుర్తు గనుక హాల్‌మార్కు అయింది. మన దేశంలో బంగారు నగలకు ఈ పద్ధతి 2000లో మొదలై, 2021 జూన్ నుండి దశలవారీగా నిర్బంధమయింది. 2023 ఏప్రిల్ నుండి అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల సంఖ్య నగపై తప్పనిసరి అయింది. విదేశంలో కొన్న నగపై ఈ సంఖ్య ఉండదు. అక్కడి ముద్రే, అక్కడి రసీదే మనకు ఆధారం. కాబట్టి బరువు, వన్నె, ఆనాటి ధర, మజూరీ - ఈ నాలుగూ రసీదులో విడివిడిగా వ్రాయించుకోవలె.

దుబాయిలోని దేరా బంగారు బజారునే ఉదాహరణగా తీసుకొందాము. అక్కడ అంగళ్లలో 24, 22, 21, 18 క్యారెట్లకు గ్రాము ధర ఆ రోజుకారోజు బోర్డులపై కనబడుతుంది. బంగారం ధరలో బేరానికి చోటు స్వల్పం, బేరమంతా మజూరీలోనే. ఆ సంగతి తెలియనివాడు బోర్డు మీది ధర చూచి సంతోషించి, మజూరీ అడగడం మరచిపోతాడు. రాళ్లు పొదిగిన నగ అయితే రాళ్ల బరువు తీసివేసి, పసిడి బరువుకే పసిడి ధర కట్టించుకోవలె. లేనిచో గాజుపెంకుకు బంగారం ధర ఇచ్చినట్లవుతుంది. 2018 జనవరి నుండి అక్కడ 5 శాతం పన్ను అమలులోకి వచ్చింది. యాత్రికులు తగిన రసీదు చూపి, ఇందులో చాలా భాగం తిరిగి పొందే ఏర్పాటు ఉన్నది.

ఇక మాటకు మాత్రమే అందే వస్తువు సంగతి. బాంకాకు రాజప్రాసాదం దాపున అపరిచితుడొకడు యాత్రికుని పలకరించి, ప్రాసాదం ఈ పూట మూసి ఉన్నదంటాడు. చవుకగా ఒక మూడు చక్రాల బండి కుదిర్చిపెడతాడు. దారిలో మరొక పెద్దమనిషి తారసపడి, ప్రభుత్వం వారి రత్నాల విక్రయం నేటితో ముగుస్తుందనీ, ఇక్కడ కొని స్వదేశంలో అమ్మితే రెండింతలు లాభమనీ చెబుతాడు. చివరకు బండి ఆగేది రత్నాల అంగడి ముందు. ఎన్నో ఏండ్లుగా సాగుతున్న నాటకమిది. ప్రాసాదం తెరచే ఉంటుంది, లాభమే ఉండదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత రత్నాలకు అతికినట్లు మరి దేనికీ అతకదు.

రాతిని కంటితో పోల్చుకోగలమనుకోవడం భ్రమ. బ్రిటిషు రాజకిరీటంలోని 'బ్లాక్ ప్రిన్సు కెంపు' శతాబ్దాల పాటు కెంపుగా చెలామణీ అయి, చివరకు స్పినెల్ అనే వేరొక రాయిగా తేలింది. రాజుల భాండాగారంలోనే అట్లా జరిగితే సామాన్యుని మాట చెప్పనేల? 1902లో వెర్నోయ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొలిమిలో కెంపును తయారుచేసే విధానాన్ని వెల్లడించాడు. గనిలో దొరికిన రాతికి సైతం కాచి రంగు తెప్పించడం, బీటలను గాజుతో పూడ్చడం నేడు పరిపాటి. కనుక విలువైన రాయి కొనేవారు స్వతంత్ర పరీక్షాశాల ఇచ్చిన పత్రాన్ని అడిగితీరవలె. అమ్మేవాడు తానే వ్రాసి ఇచ్చే చీటీ పత్రం కానేరదు.

బేరం ముగిసినా లెక్క ముగియదు. మన విమానాశ్రయంలో సుంకం ఉన్నది. సుంకం లేకుండా స్త్రీలకు 40 గ్రాములు, పురుషులకు 20 గ్రాముల నగల వరకు ఉన్న రాయితీ, ఏడాదికి మించి విదేశంలో నివసించి తిరిగివచ్చేవారి కోసం ఏర్పరచినది. వారం రోజుల విహారానికి వెళ్లినవారు దానిని నమ్ముకొని కొనరాదు. 2024 జూలైలో మన ప్రభుత్వం బంగారం దిగుమతి సుంకాన్ని 15 నుండి 6 శాతానికి తగ్గించినప్పుడు, అక్కడి ధరకూ ఇక్కడి ధరకూ ఉన్న వ్యత్యాసం బాగా కుదించుకుపోయింది. ఇట్టి మార్పులు ఎప్పుడైనా రావచ్చును గనుక, ప్రయాణానికి ముందే ఆనాటి నిబంధన తెలుసుకోవలె. ఇంటినుండి విలువైన నగలు ధరించి వెళ్లేవారు బయలుదేరేటప్పుడే సుంకాధికారుల వద్ద ధ్రువపత్రం తీసుకొంటే, తిరుగు ప్రయాణంలో అవి తమవేనని నిరూపించుకోవలసిన చిక్కు ఉండదు.

ఇంతకూ విదేశంలో నగ కొనవద్దని కాదు నా అభిప్రాయం. చూచిన ఊరికి గుర్తుగా ఒక వెండి ఉంగరం, ఒక చిన్న పతకం ముచ్చటపడి కొనుక్కోవచ్చును. దాని విలువ జ్ఞాపకంలో ఉన్నది. అది ఎవరూ తగ్గించలేనిది. అయితే పిల్ల పెండ్లికని, ముదిమికి ఆసరా అని పెట్టే ప్రతి రూపాయీ తక్కెడ మీదుగానే పోవలె. అంగడివాడు తూచి చూపగలిగినంత వరకే చెల్లించి, చెప్పే కథను ఉచితంగా విని వచ్చేవాడే నేర్పరి.