చాలు తప్పని యంత్రము

పైరు నడుమ గుంటక తోలు రైతు చాలు తప్పడు. అతనికి కన్నే ఆధారము. నేడు కొన్ని దేశములలో తోలువాడు లేకయే కలుపు తీయు రోబోటు యంత్రములు పొలములలో తిరుగుచున్నవి. తామున్న చోటును అవి ఎట్లు తెలిసికొనును?

మొదటి ఆధారము ఆకాశము. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జి.పి.యస్. ఉపగ్రహములు రేడియో సంకేతములను పంపుచుండును. సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల సంకేతములను కూర్చి లెక్కించినచో స్థానము తేలును. కాని అందు కొన్ని మీటర్ల తప్పు ఉండవచ్చును. మొక్కజొన్న చాళ్ళ ఎడమో, సుమారు 60 సెంటీమీటర్లు! ఒక్క మీటరు తప్పినను కలుపునకు మారుగా పైరే తెగును.

అందుచే, స్థానము ముందే కచ్చితముగా తెలిసిన చోట మరియొక గ్రాహకమును నిలుపుదురు. అది తాను గ్రహించిన సంకేతముల వివరములను యంత్రమునకు ఎప్పటికప్పుడు అందించును. వానితో సరిచూచుకొనగా తప్పు రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గును. డెన్మార్కు దేశపు ఫార్మ్‌డ్రాయిడ్ యంత్రము ఈ విధముగా ప్రతి విత్తనము పడిన చోటును గుర్తుంచుకొని, మొలక కనబడకమునుపే దాని చుట్టును కలుపు తీయగలదు.

తోటలలో కొమ్మలు సంకేతములకు అడ్డుపడును. అచ్చట రెండవ ఆధారము కెమెరా. అది చూపిన చిత్రములో పచ్చని ఆకులను మట్టినుండి వేరుపరచి, యంత్రము వరుస వెంట నడచును. అయితే చాళ్ళన్నియు ఒక్కతీరుగా నుండుటచే, తానున్నది ఎన్నవ చాలో కెమెరా చెప్పజాలదు.

మూడవది చక్రము. అది తిరిగిన చుట్లను లెక్కించిన దూరము తెలియును. బురదలో చక్రము జారినచో ఆ లెక్కయు తప్పును. కన్నులు మూసికొని పాఠశాల ఆవరణమున ఇరువది అడుగులు వేసి చూడుడు. తప్పు ఎట్లు పెరుగునో మీకే తెలియును.

కావున యంత్రము ఏ ఒక్క సాక్షిని పూర్తిగా నమ్మదు. ఏ సాక్ష్యమున ఎంత తప్పుండునో అంచనా వేసి, తప్పు తక్కువగల దానికి ఎక్కువ విలువనిచ్చి, అన్నిటిని కలుపుకొనును. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రకటించిన గణితపద్ధతి ఇట్టి లెక్కలకు ప్రసిద్ధము.

తెలుగున చదివిన బిడ్డలు శాస్త్రమున వెనుకబడుదురేమోయని కొందరు తల్లిదండ్రులు సంకోచింతురు. చాలు, కలుపు, గుంటక అను మన ఇంటిమాటలతోనే ఈ యంత్రపు నడక మనకు బోధపడినది గదా! ఇక విద్యార్థులు శ్రద్ధతో నేర్వవలసినది గణితము.